నాలుగు బియ్యం బస్తాలు

విదేశంలోని హెండర్సన్‌లో ఒక ఇంటి గరాజు, 2007. శనివారం మధ్యాహ్నం. పాత ఫోర్డ్ ఫాల్కన్ కారు దగ్గర విద్యాసాగర్ భార్య సుభద్ర, అతని స్నేహితుడు రాఘవ్. తలుపు పక్కన చక్రాల కుర్చీలో విద్యాసాగర్.

"పట్టదు వదినా."

"పట్టాలె."

"పట్టాలంటే పడతదా? టైరు లావున్నది, మడ్‌గార్డు లోపల జాగ లేదు. ఈడ వేలు పెట్టు. పెట్టినవా? దూరుతున్నదా?"

"జాకీ మీదున్నప్పుడు మస్తు జాగ ఉన్నదంటివి గదా పొద్దుగాల!"

"జాకీ మీద చక్రం కిందికి ఏలాడ్తది, జాగ ఉన్నట్టే కనవడ్తది. దించినంక బండి బరువంత దాని మీదనే గదా. అండ్ల నువ్వు నాలుగు బియ్యం బస్తాలు తెచ్చి ఎనక సీట్ల పెడ్తివి."

"నేనా పెట్టింది? మీ అన్న పద్ధతి అది. ఎనక సీట్ల నాలుగు బస్తాలు పెట్టి రోడ్డు చివరిదాంక పోయొస్తే తప్ప ఏ టైరూ పాస్ గాదంటుండె. ఏమంటుండె?"

"తెల్లోని కారుల ఇద్దరు కూసుంటరు, మన కారుల ఏడుగురు కూసుంటరు, మన కొలత మనమే పెట్టుకోవాలె అంటుండె."

"ఆఁ, అదే. ఇన్నరా అండీ? రాఘవ్‌కు ఇంకా యాదున్నది. జెర ఇటు సూడుండ్రి. ఇటు."

"వదినా, అన్న గోడనే సూస్తున్నడు."

"సూస్తడు. టైర్లు ఎక్కినంక సూస్తడు."

"బస్తాలు తీసేద్దాం. నేనొక్కన్నే నడిపితే తగలదు."

"వద్దు. బస్తాలు లేకుంటే ఆయన నమ్మడు."

"పోనీ పాత సన్న టైర్లే ఎక్కిస్త. అరగంట పని. అన్నను ముందల కూసోబెట్టి ఒక రౌండేసొద్దాం."

"పోయిన వారం తిప్పలేదా పాత టైర్ల మీద? నువ్వే గదా నడిపింది. ఏమన్న అన్నడా? కన్నన్న కొట్టిండా?"

"లేదు."

"మరి? ఆయన రెండేండ్లు ఈ లావు టైర్ల కోసం తండ్లాడిండు, రాఘవ్. అవి వచ్చిన నాడు బెడ్రూంల పెట్టుకొని పండుకున్నడు. ఆ రబ్బరు వాసనకు నేను పోయి బిడ్డ అక్షర రూముల పండుకున్న. నీకు ముసలితనంల రెండో పెండ్లామా ఇది అన్న. నవ్విండు. తెల్లారి, ఎక్కియ్యకముందే పక్షవాతమొచ్చి పడిపాయె. ఆర్నెల్లాయె, ఒక్క మాట లేదు."

"చక్రాన్ని జెర బయటికి జరుపొచ్చు. కానీ మడ్‌గార్డు దాటి బయటికొస్తది. బండి ఫిట్‌గున్నదని వారెంట్ ఇయ్యరు. రోడ్డెక్కనియ్యరు."

"వారెంట్ ఎవనికి గావాలె? సోమవారం దాంక నిలబడితే చాలు."

"సోమవారం ఏమున్నది?"

"ఏం లేదు."

"వదినా, ఏమున్నది సోమవారం?"

"ఆస్పత్రోళ్లతోని మీటింగున్నది. మాటలు నేర్పే ఆ పిల్ల మంచిదే పాపం, నిన్న నా చెయ్యి పట్టుకొని చెప్పింది. ఒక్క మాట. ఏ భాషల్నన్న సరే, ఒక్క మాటన్న వస్తే ఇంకో మూడు నెలలు నేర్పుతరట. రాకుంటే ఆపేస్తరట. ఇగ ముసలోళ్లను పెట్టే రెస్ట్ హోమే."

"రెస్ట్ హోమ్ ఎందుకు? ఇంట్ల నువ్వుంటవు గదా."

"నేను ఎత్తలేనని వాళ్లే రాసిన్రు. నిజమే, ఎత్తలేను. మొన్న బాత్రూంల ఇద్దరం పడ్డం."

"నాకు చెప్పలే!"

"చెప్పి ఏం చేద్దును? ఇయ్యాల శనివారం. నాకున్నది రేపొక్క రోజు. నువ్వేమో పట్టదంటున్నవు."

"అన్న క్రికెట్ బ్యాట్ ఉన్నదా?"

"బ్యాటెందుకు?"

"టైరుకూ మడ్‌గార్డుకూ నడుమ బ్యాట్ పిడి దూర్చి, బండిని ముందుకు ఎనకకు మెల్లగ నూకితే అంచు లోపలికి మడుచుకుంటది. గోరంత జాగ దొరుకుతది."

"ఈ మాట పొద్దుగాల్నే చెప్పకపోయినవా!"

"రంగు పలుగుతది. అన్న సొంత చేతులతోని ఏసిన రంగు. నాలుగు పూతలు."

"పలగనీ."

"ఆయన ముంగట్నే పలగ్గొడ్తే..."

"తిడ్తడా? తిట్టనీ! తిట్టుడే గావాలె నాకు. ఇరవై ఆరేండ్లల్ల ఎన్ని తిట్లు తిట్టిండో, ఇప్పుడొక్కటి తిడ్తే కాళ్లు మొక్కుత. ఇగో బ్యాట్. పట్టు."

"హెయిర్ డ్రయర్ కూడ తే. వేడి చేస్తే రంగు జెర మెత్తవడ్తది."

"ఇగో. ఇంకేం గావాలె?"

"బండి నూకు. మెల్లగ. మెల్లగ వదినా! ఆ... ఎనకకు. ఇంకొక్కసారి. ఆగు. ఆగు ఆగు ఆగు!"

"ఏమైంది?"

"పలిగింది."

"ఎంత?"

"జానెడు."

"ఇన్నరా అండీ? మీ రంగు పలగ్గొట్టిండు రాఘవ్. జానెడు పలిగింది. ఏమనరా? ఏమన్న అనుండ్రి. పిల్లలు సైకిల్ తగిలిస్తే ఇల్లు పీకి పందిరేసిన్రు గదా, ఇప్పుడు అనుండ్రి! అనరేంది? అనుండ్రి!"

"వదినా, కుర్చీ ఊపకు. వదినా! చెయ్యి తియ్యి."

"తీసిన. తీసిన."

"కూసో. నీళ్లు తాగు."

"నీళ్లు గాదు రాఘవ్, నాకు భయమైతున్నది. ఆయన లోపల ఉన్నడో లేడో నాకు తెలుస్తలేదు. రోజంత మాట్లాడుత, పొద్దుమూకేసరికి గోడకు చెప్పుకున్నట్టే ఉంటది."

"వదినా, ఒకటి చెప్పాలె."

"టైరు సంగతా?"

"ఆ రోజు సంగతి. టైర్లు ఎక్కిద్దాం రారా అని అన్న ఫోన్ చేసిండు. మ్యాచ్ ఉన్నది, రానని చెప్పిన. మళ్ల చేసిండు, ఎత్తలే. ఇగ ఒక్కడే టైర్లు ఎత్తబోయిండు. నేను వచ్చుంటే..."

"మూడు సార్లు."

"ఏంది?"

"మూడు సార్లు చేసిండు. ఆస్పత్రిల కూసున్నప్పుడు ఆయన ఫోన్ల సూసిన."

"తెలిసి కూడ నన్నే పిలిసినవా?"

"నెల రోజులు నీ మొకం సూడబుద్ధి గాలే. ఒక్కోసారి ఇప్పటికీ గాదు. కానీ ఈ బండి గురించి ఆయన తర్వాత తెలిసినోనివి నువ్వొక్కనివే. లే. రెండో దిక్కు కూడ మడువు."

"ఆ దిక్కు కూడ పలుగుతది."

"మడువు రాఘవ్."

"నూకు మరి. మెల్లగ. ఆ... ఎనకకు. మళ్ల. ఇంకొక్కసారి. సాలు."

"పలిగిందా?"

"పలిగింది. ఇంతకంటె మడవరాదు. ఇంకొక్కసారి నూకితే రేకే చిరుగుతది."

"బస్తాలు సరిగ్గున్నయా ఎనక?"

"ఉన్నయి. నువ్వు నడుపు. గేటు దాంక పోయి, రివర్సుల అన్న కుర్చీ పక్కకు రా. నేను చక్రం కాడ చెవి పెట్టుకొని నడుస్త. తలుపు కాడ గుంతున్నది, ఆడ మెల్లగ."

"స్టార్ట్ చేస్తున్న. అండీ, మీ బండే ఇది! ఇనుండ్రి!"

"పో... పో... ఇగ రివర్స్. రా... రా... గుంతల దించు. ఇంకొంచెం. ఆగు! ఆడ్నే ఆగు, బంద్ చెయ్యకు!"

"తగిలిందా? ఈ ఇంజిన్ మోతల నాకేం ఇనవడ్తలేదు!"

"సూస్తున్న వదినా, ఒక్క నిమిషం! ...అన్నా. సాగరన్నా. నీకొక్కనికే చెప్తున్న. ఇంకా గీసుకుంటనే ఉన్నది. రబ్బరు పొట్టు రాలుతున్నది. నాతోని గాలేదన్నా. వదినకు నిజం చెప్తే ఈడ్నే కూలవడ్తది. తగల్లేదనే చెప్త. నువ్వేమనుకోకు."

"రాఘవ్! ఏడున్నవు? చెప్పు, తగిలిందా?"

"తగల్లే వదినా! చక్రం కిందికి తల పెట్టి సూస్తున్న, ఎక్కడ తగల్లే! మస్తు పట్టింది!"

"అబ... ద్దం."

"నేనెందుకు అబద్ధం చెప్త వదినా? ఏడ్సి ఏడ్సి నీ గొంతు సూడు, ఎట్ల బొంగురువోయిందో. దిగొచ్చి నువ్వే సూస్కో."

"రాఘవ్... అన్నది నేను గాదు."