గంజిల కలిపిన పొడి

ఇయ్య చిలుకమ్మా. ఎన్నిసార్లడిగినా ఇయ్య. పొద్దుగాల్నుంచి మూడుమాట్లు వచ్చినవ్. గిన్నె పట్టుకొని గడపల నిలబడితే ఇస్తననుకున్నవా? గా పొడి నా ఇంట్ల లేదు.

ఏందట్ల చూస్తవ్? మల్లవ్వ పిసినారిదైందనుకుంటానవా? అనుకో. బిడ్డ పోయినకాంచి మనిషి మారిందని వాడకట్టు మొత్తం అంటనే ఉన్నది. మారకుంట ఎట్లుంట మరి?

సరే, కూసో. గిన్నె కింద పెట్టు. మీ అత్తనే పంపింది గదా? గంజిల రెండు గుప్పిళ్లు తెల్లపొడి కలిపితే బొద్దింక పడుగు జోలికి రాదని చెప్పింది గదా? మరి ఆమెకు చెప్పిందెవలు? నేనే. ఈ వాడల గా ఉపాయం నాదే.

నువ్వప్పటికి ఇంకా కోడలుగ రాలే. డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో. మగ్గమెక్కే పడుగు పోగులకు గంజి పెట్టి ఆరేస్తే తెల్లారేసరికి బొద్దింకలు, ఎలుకలు కొరికి పెట్టేటియి. గంజంటే వాటికి బువ్వనే గదా. మా ఆయన ఖరాబైన పడుగు ముందట తల పట్టుకొని కూసునేటోడు. తొర్రూరు కాడ మా తమ్ముడు రాజమల్లు పత్తిచేన్ల గమాక్సిన్ పొడి చల్లుతాంటే చూసిన. పురుగు ఉన్నదున్నట్టే రాలింది. ఒక సంచి అడిగి తెచ్చుకున్న, గంజిల కలిపిన. ఆ ఏడు ఒక్క పడుగు ఖరాబు కాలే.

ఎంత మెచ్చుకున్నరో నన్ను. ఏటేటా సంచి తెప్పిచ్చి ఇంటింటికి పంచిన, ఈ చేతులతోనే. నాకు గర్వం కూడ అయింది, అబద్ధమెందుకు.

బొద్దింక కొరకకున్నా నేసేటప్పుడు పోగు తెగుడైతే తెగుతది గదా. తెగితే ఏం జేస్తం? కొన నోట్లె తడుపుకొని, వేళ్లతోని మెలేసి అతుకుతం. మా అవ్వ గట్లనే చేసింది, నేను గట్లనే చేసిన. నా బిడ్డ అనసూర్య ఆరేండ్లకే నేర్చుకున్నది. సన్నటి వేళ్లు దానియి. తండ్రి మగ్గం పక్కన కూసొని, తెగిన పోగు తెగినట్టే అతికేది. బడి నుంచి వచ్చుడు, పోగు నోట్లె పెట్టుకొనుడు.

ఒకనాడు అన్నది, "అవ్వా, పోగు చేదుంటాంది" అని.

"గంజి పులిసిందే, ఉమ్మి అతుకు" అన్న నేను. నవ్వుకుంట అన్న.

పోయినేడు వానల్ల జరమొచ్చింది. కాళ్ల మీద నీలిమచ్చలు, పండ్ల సందుల నుంచి నెత్తురు. ఈడి దవాఖానల కాదని హైదరాబాదు పంపిండ్రు. ఆడ బ్లడ్ క్యాన్సర్ అన్నరు. నాలుగు నెలలు. పదకొండేండ్ల పిల్ల, చేతిల ఎత్తుకుంటే బరువే లేకపాయె.

ఆడి డాక్టరు మా ఇద్దర్ని కూసోబెట్టి అడిగిండు, పిల్లకు పురుగుల మందు గిట్ల ఏమన్న ముట్టిందా అని. నాకు గా సంచి కండ్లల్ల మెదిలింది. మెదిలిందే చిలుకమ్మా. కానీ ఏమన్ననో ఎరికేనా? "మాకు చేనూ చెలకా లేదు సారూ" అన్న. అది నిజమే గదా.

ఇంట్ల ఎవలన్న పొగ తాగుతరా అన్నడు. మా ఆయన లేచి నిలబడి, నేను బీడీలు తాగుత, పిల్ల పక్కన కూసుంటది అన్నడు. డాక్టరు అవునన్లే, కాదన్లే, రాసుకున్నడు. గంతే. తన బీడి పొగనే బిడ్డను తిన్నదని గా దినంకాంచి ఆయన బీడి ముట్టలే. మగ్గం మీద కూసొని ఒక్కడే ఏడుస్తడు. ఇనుకుంటనే ఉంట. సంచి సంగతి చెప్పలే.

దినాలకు వచ్చినప్పుడు తమ్ముడు చెప్పిండు. గా పొడి మన్నుల పడితే ఏండ్లకేండ్లు పోదట, ఒంట్లకు పోతే పేరుకుంటదట, వాళ్ల ఊరికొచ్చిన వ్యవసాయం ఆఫీసరు అన్నడట. సుబేదారి కాడ ఒక డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే పోయి అడిగిన. దాంతోటే అయ్యుండొచ్చు, కాకపోవచ్చు, ఎవలం చెప్పలేం అన్నడు. కాదు అనే ఒక్క మాట కోసం పోయిన నేను. అనలే.

ఇంట్ల లేదన్నది కూడ అబద్ధమే. సగం సంచి అటుక మీద ఉన్నది, నాలుగు గోనెల్ల చుట్టి పెట్టిన. పాతిపెడుదామంటే బాయి నీళ్లల్ల దిగుతదంటడు తమ్ముడు, కాలుద్దామంటే పొగంటడు. యాడ పెట్టాలె దాన్ని?

నీ బిడ్డను నిన్న చూసిన. మీ అరుగు మీద, పోగు నోట్లె పెట్టుకొని కూసున్నది. గందుకే చెప్పిన, లేకుంటే సచ్చేదాకా చెప్పేదాన్నే కాదు.

పో, ముందుగాల మీ అత్తకు చెప్పు. గంజి కుండలు పారబోయుమని వాడంత చెప్పు. మల్లవ్వే చెప్పిందను. మా ఆయన చెవుల కూడ పడుతది. పడనియ్. నా నోటితోని చెప్పుడు నాతోని కాలే.

తెల్సినంక నన్నుంచుతడో, ఎల్లగొడుతడో. బీడి అయితే ముట్టిచ్చుకుంటడు గదా. ముట్టిచ్చుకోనియ్.