కృతజ్ఞతను సాధన చేసిన వందనాలమ్మ గారు

1989 జూన్ పన్నెండవ తేదీ సోమవారం ఉదయం మన ఆసుపత్రి శస్త్రచికిత్సా విభాగంలో స్టాఫ్ నర్సుగా చేరి, అంచెలంచెలుగా నర్సింగ్ సూపరింటెండెంట్ పదవిని అలంకరించి, ఈ నెలాఖరున విరమణ పొందుతున్న మా గౌరవనీయ సహోద్యోగిని గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. రోగులకు మత్తు ఇచ్చి నిద్రపుచ్చడం నా వృత్తి గనుక, చదువరులకూ అదే గతి పట్టించకుండా త్వరగా విషయానికి వస్తాను.

వారికి "వందనాలమ్మ" అని పేరు పెట్టింది ఆనాటి పెద్ద సర్జన్ గారు. ఆపరేషన్ ముగిసి రోగిని స్ట్రెచర్ మీదికి మార్చగానే, ఈ కొత్త నర్సు ముందు దేవునికి, ఆ పైన సర్జన్ గారికి, నాకు, నేల తుడిచే ఆయాకు, లిఫ్టు నడిపే పెద్దాయనకు సైతం విడివిడిగా వందనాలు చెప్పేవారు.

"ఆ లైటు ఒక్కటే మిగిలిపోయిందమ్మా, దానికీ చెప్పెయ్" అని సర్జన్ గారు వెక్కిరించారొకనాడు.

"లైటు బిగించినాయనకి పొద్దున ఇంట్లోనే చెప్పొచ్చానండీ" అన్నారు వారు తడుముకోకుండా.

మన ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ గారే వారి భర్త. ఆ రోజు పడీ పడీ నవ్విన సర్జన్ గారు ఆ తరువాత ఎవరికీ చెప్పకుండా తానూ ఆయాకు థాంక్స్ చెప్పడం మొదలుపెట్టారు.

ఆపరేషన్ థియేటర్ బాధ్యురాలిగా పదోన్నతి పొంది, వారి దక్షత అందరి నోటా వినిపిస్తున్న కాలంలో ఆ కుటుంబం మీద పిడుగు పడింది. చర్చిలో ముందు నిలిచి పాటలు ఎత్తుకునే ఆ భర్తగారికి గొంతు క్యాన్సర్ అని తేలింది. ఆ శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చింది నేనే. లోపలికి వచ్చే అర్హత ఉండి కూడా వారు ఆనాడు బయటి బల్లమీద, రోగుల బంధువుల నడుమ కూర్చున్నారు. ప్రాణం దక్కింది, స్వరం దక్కలేదు.

సెలవు ముగించుకుని వచ్చాక వారి పనిలో లోపం లేదు గానీ, వందనాలు మాత్రం ఆగిపోయాయి. ఒక మధ్యాహ్నం టీ తాగుతుండగా ఉండబట్టలేక అడిగాను.

"ఏం సిస్టర్, మా మీద కోపమా?"

"మీ మీదెందుకు సార్? దేవుడి మీద. ఇప్పుడు వందనాలంటే అది పైపై మాటే అవుతుంది. ఆయన దగ్గర అబద్ధం ఆడలేను."

"మరి ప్రార్థన మానేశారా?"

"మానలేదు. రోజూ పోట్లాడుతున్నాను."

కొన్ని నెలల తరువాత వారి చర్చిలో కృతజ్ఞతా కూడిక జరిగింది. వారు వద్దంటున్నా భర్తగారే పట్టుబట్టి బయలుదేరారు. నన్నూ సైగచేసి పిలిచారు. ఎత్తుకునే మనిషి లేక పాట ఒకరి నోట ముందూ మరొకరి నోట వెనకా పడుతుంటే, మెడకు రుమాలు చుట్టుకున్న ఆయన లేచి ముందుకు నడిచి, రెండు చేతులూ ఎత్తి తాళం చూపించసాగారు. పాట దారిలో పడింది. నా పక్కన సిస్టర్ గారు కళ్లు తుడుచుకోవడం కూడా మరిచి చూస్తున్నారు. దేవుడు చేసిన మేలును ఒక్కొక్కరు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళకు వారే లేచారు.

"ప్రభువా, ఆ గొంతు పోయినందుకు నేను వందనాలు చెప్పలేను. చెప్పమని నువ్వూ అడగవనుకుంటాను. కానీ మనిషిని మిగిల్చావు. ఆ చేతులు మిగిల్చావు. అందుకు చెబుతున్నాను."

ఆ మతస్థుణ్ణి కాని నేను కూడా తెలియకుండానే "ఆమేన్" అనేశాను.

కృతజ్ఞత అనేది బాగున్న రోజుల్లో దానంతట అది పొంగే భావమని అంతవరకు నా అభిప్రాయం. కన్నీటిని దాచకుండా, నష్టాన్ని లాభమని బుకాయించకుండా, మిగిలిన మేలును వెతికి పట్టుకుని దేవుని ముందు ఒప్పుకోవడమే క్రైస్తవ జీవితంలో కృతజ్ఞత అని, చేతికి పని నేర్పినట్టే మనసుకు దానిని నిత్యం నేర్పాలని వారిని చూసి గ్రహించాను. ఆ కూడిక తరువాతి సోమవారం థియేటర్‌లో వందనాలు మళ్లీ వినిపించాయి. లిఫ్టు పెద్దాయన ఆనందం పట్టలేక మమ్మల్ని పై అంతస్తుకు బదులు కిందికి దించేశాడు.

సూపరింటెండెంట్‌గా వారు ఎందరో నర్సులను తీర్చిదిద్దారు. మంచంమీద మూలుగుతున్న ఒక ముసలమ్మకు "దేవుడికి కృతజ్ఞతగా ఉండాలి మామ్మా" అని హితబోధ చేస్తున్న కొత్త నర్సును పక్కకు పిలిచి, "అమ్మాయ్, నొప్పిలో ఉన్నవాళ్లకి కృతజ్ఞత నేర్పకు. ముందు మాత్ర ఇవ్వు. కృతజ్ఞత మన సాధన, వాళ్ల మీద రుద్దేది కాదు" అన్నారు. మన వార్డులు నేటికీ ఆ మాట మీదే నడుస్తున్నాయి, రేపూ నడుస్తాయి.

సిస్టర్ గారూ, ఆపరేషన్ బల్ల పక్కన గంటల తరబడి నిలబడిన మీ కాళ్లకు బలమూ, మీ దంపతులకు సంపూర్ణ ఆరోగ్యమూ, మనవలతో మునిమనవలతో పోట్లాడేంత దీర్ఘాయువూ ఆ దేవుడు అనుగ్రహించుగాక. మా అందరి కోసం ఇన్నేళ్లు నిలబడ్డారు. ఇక హాయిగా కూర్చోండమ్మా.