అరవై పంక్తులను తొమ్మిదికి తెచ్చిన నరసరాజుగారు

2008 ఏప్రిల్ ఏడవ తేదీన, శంషాబాద్ విమానాశ్రయంలో రాకపోకలు మొదలైన కొత్తలో, అత్తాపూర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చి మా సరుకు రవాణా సంస్థ సాఫ్ట్‌వేర్ విభాగంలో చేరిన శ్రీ నరసరాజుగారు, ఈ 2014 జూన్ ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్నారు.

ఇతరులు ఇరవై పంక్తుల్లో రాసే ప్రోగ్రామును ఒక్క పంక్తిలో ఇమడ్చడం తొలి మూడేళ్లూ వారికి వ్యసనం. ఆ సంక్షిప్తతకు ముచ్చటపడేవాళ్లమే తప్ప, అర్థం కాలేదని చెప్పడానికి మాకు మొహమాటం.

2011 మే నెలలో ఒక మధ్యాహ్నం విమానం రద్దయింది. శీతల గదికి మళ్లవలసిన నలభై ఇన్సులిన్ పెట్టెలు బయటే ఉండిపోయాయి. పెట్టెలు ఎటు వెళ్లాలో చెప్పే ప్రోగ్రామును చివరిసారి ముట్టుకున్నది మా విభాగంలోని రేఖ. చేరి నాలుగు నెలలే, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వమన్నారు.

ఆమెకు సాయంగా కూర్చున్న నరసరాజుగారు తప్పున్న పంక్తిని అరగంట సేపు చూశారు.

“ఎవరమ్మా ఇది రాసిన మహానుభావుడు? ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!”

రేఖ తల వంచుకుంది. “మీరే సార్. నేను కింద విమాన సంస్థ పేరొక్కటే మార్చిన.”

వారు నిర్ఘాంతపోయారు. తేదీ చూశారు, తమ పేరు చూశారు. విమానం ఆలస్యమైతే ఏం చేయాలో అందులో ఉంది. రద్దయితే ఏం చేయాలో లేనే లేదు. అంత ఇరుకులో ఆ లోటు ఎవరి కంటా పడలేదు. వెంటనే లేచి అధికారి గదికి వెళ్లి, “తప్పు నాది. ఆ అమ్మాయి పేరు తీసేయండి” అన్నారు.

మందు చెడలేదు. లోడింగ్ చూసే కొత్తూరు బిక్షం ఎవరూ చెప్పకముందే పెట్టెలను నీడకు లాగి ఫ్యాను పెట్టాడు.

మర్నాడు వారు ఆ ఒక్క పంక్తినీ అరవై పంక్తులుగా తిరగరాసి, తెలుగులో చెబుతూ బిక్షానికి వినిపించారు.

“జర ఆగుండ్రి సార్. మొదలు ఏం చెప్పిండ్రో గదే మర్చిపోయిన.”

వారు మళ్లీ విస్తుపోయారు. కొట్టి రాసి, కొట్టి రాసి తొమ్మిది పంక్తులకు తెచ్చారు.

“ఇగ సమజైంది. రద్దయితే డబ్బాలు చల్లగదికి పోవాలె. గింతేనా? దీనికి గింత పరేషాన్ అయిండ్రా!”

నాటి నుంచి సరుకు షెడ్డులో ఒకరికి చెప్పి ఒప్పించనిదే మా విభాగంలో ఏ ప్రోగ్రామూ బయటికి వెళ్లలేదు. ఆ ఏడు రావలసిన పదోన్నతి వారికి రాలేదు. రేఖ ఉద్యోగం ఖాయమైంది. ఆ ఉత్తర్వు చదివి ఆమెకన్నా ఎక్కువ సంతోషించిన నరసరాజుగారు, శ్రీమతి జ్ఞానప్రసూనాంబగారి తోడులో, మోకాళ్ల నొప్పి ఎరుగక, కంటి నిండా నిద్రతో, నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని మా అందరి ఆకాంక్ష.