ఆరు పర్సెంట్ కొవ్వు

హలో… ఆఁ అక్కా, నేనే, తిరుమల్‌ని… లే, ఏం గాలే. బేకరీ బయట నిలబడి మాట్లాడుతున్న.

బావ పక్కకు ఉన్నడా?… ఉండనీ. స్పీకర్ల పెట్టు, ఇద్దరికి ఒక్కసారే చెప్తా… పెట్టినవా?

అక్కా, నేను నీకు ఒక అబద్ధం చెప్పిన. ఎండకాలంల.

… ఇంట్ల నవతతోని కొట్లాట గాదు. విను జెర.

నీకు లివర్ మార్చాలె, సొంతోళ్లు ఎవరైనా కొంత ఇయ్యొచ్చు అన్నప్పుడు నేను టెస్టులకు పోయిన గద. షుగర్ ఉన్నదని బావను వద్దన్నరు. ఇగ నేనే మిగిలిన. పోయొచ్చి, మ్యాచ్ గాలేదని చెప్పిన…

ఆఁ. అదే అబద్ధం.

మ్యాచ్ అయ్యింది. బ్లడ్ గ్రూప్ సుత అయ్యింది. కానీ నా లివర్‌ల ఇరవై రెండు పర్సెంట్ కొవ్వు ఉండె. షెకీనా డాక్టరమ్మ స్కానింగ్ చూసి, ఏం పని చేస్తవయ్యా అని అడిగింది. ఇరవై ఏండ్ల సంది బేకరీల మాస్టర్‌ను మేడం అన్న. ఆమె రాసుకున్నది. ఇంకేం అడగలే.

… కోపం తర్వాత జెయ్యి. పది పర్సెంట్ లోపటికి వస్తేనే తీసుకుంటం అన్నది. దానికి మందు లేదంట. నడువుడు, తిండి, అంతే. నా మీద నాకే నమ్మకం లేకుండె. నీకు ఆశ పెట్టి, నాతోని గాకపోతే?… అందుకే చెప్పలే.

… నాలుగు నెలలు.

… ఏం జేసిన అంటే, పెద్దగ చెప్పేటిది ఏం లేదక్కా. పద్మారావు నగర్ నుంచి బేకరీకి నడిచి పోయిన. సాయంత్రం నడిచి వచ్చిన. చాయ్ బంద్, బిస్కెట్ బంద్… ఆఁ, రుచి చూడకుండనే. కౌంటర్ మీద కూసుండే ఉదయ్ భాస్కర్ సార్ తిని చెప్తడు, నేను రంగు చూసి చెప్తా. ఆయన ఆరు కిలోలు పెరిగిండు.

… నేనా? పదమూడు తగ్గిన. నువ్వు చూసి అడిగినవు గద, ఒంట్ల బాగలేదా అని. పని ఎక్కువైంది అన్న… సరే, రెండు అబద్ధాలు.

శ్రావణంల రాములు బిడ్డ పెండ్లికి పోతే అందరు బిర్యానీ తిన్నరు, నేను పెరుగన్నం తిన్న. ఏమన్న మొక్కు ఉన్నదా అని అడిగిండు రాములు. ఉన్నదన్న.

… నవతకు తెలుసు. నాతోని ఆమె సుత జొన్నరొట్టె, చప్పటి కూరనే తిన్నది. ఒక్కనాడన్న ఏం అనలే. నాకంటే ముందు ఆమెనే సన్నగ అయ్యింది.

… లే అక్కా, అన్ని దినాలు సక్కగ లేను. అది సుత చెప్తా. ఆగస్టుల ఒకనాడు తిరుమలగిరికి వచ్చిన చూడు, నీ కాడికి… తలుపు దాక వచ్చి, నిలబడలేక గోడ పట్టుకున్నవు… ఆఁ, ఆనాడే. నీ కండ్లు పచ్చగ ఉండె. మల్ల బేకరీకి పోయి, కొబ్బరి నింపిన తీపి రొట్టె, దిల్‌పసంద్ తిన్న. ముక్క గాదు. మొత్తం. నిలబడి తిన్న.

… ఆకలి ఏం లేకుండె.

ఇంటికి పోయి, ఇగ నాతోని గాదు, అంతా ఖరాబ్ చేసిన అని నవతకు చెప్పిన. పొద్దున రొట్టె ఎన్నింటికి చెయ్యాలె అని అడిగింది. ఐదున్నరకు అన్న… ఏం చెప్పాలె మరి, అడిగితే?… లేచిన. తిన్న. నడిచిన.

ఆఁ… రిపోర్ట్ ఇయ్యాల వచ్చింది.

ఆరు.

… ఆరు పర్సెంట్ అక్కా. బావా, వింటున్నవా? ఆరు. డాక్టరమ్మ రెండుసార్లు చూసింది కాగితం. తర్వాత నా మొకం చూసింది. సోమవారం మీ అక్కను తీస్కరా, డేట్ రాద్దాం అన్నది.

… …

అక్కా.

… వద్దంటే ఎట్ల?… నా పిల్లలకు నేను చెప్తా… సగం తీసినా మల్ల పెరుగుతదంట, బొమ్మ గీసి చూపించింది… ముప్పు ఉన్నది. లేదని చెప్తలేను, రెండు అబద్ధాలు చాలు.

… తొందరపాటు ఏందక్కా? ఒక్కనాడు అనుకొని వచ్చిన్నా నేను? పొద్దున లేవంగ ఒకసారి అనుకోవాలె. బేకరీల పదిసార్లు అనుకోవాలె. వాసన వచ్చినప్పుడల్ల మల్ల అనుకోవాలె. నాలుగు నెలలు అనుకున్న.

… ఏడువు. ఏం తొందర లేదు. లైన్ల ఉంట.

… …

ఆఁ?… అయితది అక్కా. భయం అయితది… మొదటి రోజు నుంచే. నవతకు సుత చెప్పలే. భయపడుకుంటనే నడిచిన.

సోమవారం వస్తవా?

… బావా, నువ్వు ఆగు. నిన్ను అడుగుతలేను, అక్కను అడుగుతున్న.

… …

గట్టిగ చెప్పక్కా, బండ్ల చప్పుడుల వినబడలే.

… ఆఁ. సరే. తొమ్మిదింటికి ఆటో తీస్కొని నేనే వస్తా… ఉంట.