ఏడో గుంత దగ్గర కొట్టిన బంతి

"నేనేదో పెద్ద ఘనకార్యం చేశానని చెప్పట్లేదురా. ఆ రోజు బిల్డరు సారుకి మణికట్టు పట్టేసింది, అంతే. ముప్పై ఏళ్ళుగా గోల్ఫు సంచులు మోస్తున్నవాణ్ణి, ఏ గాలికి ఏ కర్ర తియ్యాలో నాకంటే ఎవడికి తెలుసు? 'ఈ ఒక్కటీ నువ్వు కొట్టవోయ్' అన్నాడు."

టీకొట్టు బల్లమీద సంచిమామ కాలుమీద కాలేసుకున్నాడు. ఎదురుగా గోల్ఫు మైదానం ఎలక్ట్రీషియను, కొత్తగా సంచులు మొయ్యడానికి చేరిన ఇద్దరు. కొట్టు నడిపేది మామ చెల్లెలే. వెనక పంపు దగ్గర గ్లాసులు కడుగుతోంది.

"ఎక్కడ మామా?"

"ఏడో గుంత. కొండ అంచున నిలబడి చూడాలిరా దాన్ని. కిందంతా పచ్చటి లోయ, నడుమ ఏరు, అవతల మంచుకొండ, జెండా ఎక్కడో చీమంత. పళ్ళు బిగబట్టి ఒక్కటిచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బంతి లేచింది, లేచింది, దిగదే!"

"గుంతలో పడిందా లేదా?"

"గుంత దాకా ఆగితే కదా! ఏరు దాటింది, చెట్లు దాటింది, గద్ద ఒకటి గుడ్డు అనుకుని నోట కరుచుకుంది. ఆ ఊపుకి గద్దని కూడా ఈడ్చుకుపోయింది! పోయి పోయి మబ్బులో దూరింది, మబ్బు చిరిగి అవతలి కొండమీద కుండపోత."

"గొడుగెవరు పట్టారు?" అన్నాడు ఎలక్ట్రీషియను.

"నవ్వు, నవ్వు. మంచుకొండకి అటువైపు ఇంకో లోయ, అక్కడా ఓ మైదానం. వాళ్ళు ఆఖరి గుంతకి గురి పెడుతుంటే మన బంతి టప్పున వచ్చి అందులో పడింది, వెనకే గద్ద! కొట్టిన మారాజెవరా అని గెలుపు కప్పు నెత్తిన పెట్టుకుని మూడు రోజులు నడిచొచ్చారు. సారైతే నా భుజమ్మీద చెయ్యేసి..."

"అన్నయ్యా."

చెల్లెలు కడిగిన గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"ఆ బంతి ఏ కొండా దాటలేదు. మీ బావ కణతకి తగిలి అక్కడే ఆగిపోయింది. కొట్టింది సారు. నీ దగ్గరున్నది సంచి."

కొత్తవాళ్ళు తెల్లబోయారు. ఆమె భర్త ఇక్కడే గడ్డికోత మిషను నడిపేవాడని, నాలుగేళ్ళ కిందట ఏడో గుంత దగ్గరే పోయాడని ఎలక్ట్రీషియను గొంతు తగ్గించి చెప్పాడు.

"పోయిన మనిషి మీద గద్దలూ మబ్బులూ దేనికన్నయ్యా? ఆయన అక్కడున్నట్టు చూళ్ళేదన్నావు. నమ్మాను. ఇంకేం కావాలి నీకు?"

సంచిమామ కాలు దించాడు.

"చూశానమ్మా."

ఆమె గుమ్మం దాటి ముందుకొచ్చింది.

"మిషన్లో గడ్డి ఇరుక్కుంటే వంగి తీస్తున్నాడు. సారు అప్పటికే కర్ర ఎత్తాడు. ఎత్తాక చిన్న చప్పుడైనా ఆయనకి గిట్టదు. అంతకుముందు నెలే ఒకడు దగ్గాడని పనిలోంచి తీయించాడు. కొట్టాక అరుద్దాంలే అనుకున్నా. అంత దూరం పోదనుకున్నా."

"అరిచావా?"

"అరిచాను. 'బావా' అని."

"మరి?"

"నా పిలుపు విని తలెత్తాడమ్మా. ఎత్తకపోతే బంతి నెత్తిమీంచి పోయేది. అందుకే ఎవరడిగినా దాన్ని కొండ దాటించేస్తుంటాను."

ఆమె గ్లాసులు బల్లమీద పెట్టింది. పొయ్యి ఆర్పింది. మిట్టమధ్యాహ్నం వేళ, టీ తాగేవాళ్ళుండగానే కొట్టు రేకు కిందికి లాగేసింది. ఎలక్ట్రీషియను, కొత్తవాళ్ళు లేచి తలోదారీ పట్టారు.

మైదానం గేటు దగ్గర్నుంచి ఎవరో కేకేశారు, సంచికి మనిషి కావాలని. సంచిమామ "వస్తున్నా సార్" అన్నాడు గానీ, లేవలేకపోయాడు.