బావగారి గుండె గోడ

హలో… ఆ, నేనే, మీ బావనే — ఏంటీ, నా గుండె గోడ లావెక్కిపోయిందా?!

…పొద్దున నువ్వు తీసిన స్కాన్‌లోనా? చూడు మరదలా, గదంతా చీకటి చేసి, ఛాతీకి జిగురు పూసి ఏదో ఆడించావు. చెయ్యి జారి నా పొట్ట ఫొటో తీసుంటావు.

…సరే, సరే. నీ పనిని ఏమీ అననులే.

…బీపీ ఎక్కువుంటే అలా అవుతుందా? మరి మాత్రలేసుకున్నాక నాకెక్కడుంది బీపీ? రోజూ మిషన్ ఫొటో నీకు పంపుతున్నాగా!

…ఆస్పత్రిలో పెరిగేది మీ మొహాలు చూసి భయంతో. డాక్టరే అన్నాడుగా.

…ఆ. ఇంట్లో బీపీ బంగారం, గోడ మాత్రం లావు. అయితే?

…వంశంలో వచ్చే జబ్బేమోనా? మా వంశంలో వచ్చేది బట్టతల ఒక్కటే!

…అమ్మాయికి కూడా స్కానా? నా కూతురైన పాపానికా?

…ఆగాగు. అది పరుగు మానెయ్యాలా? శనివారం పోటీ పెట్టుకుని! నిన్నటి నుంచి బూట్లు విప్పకుండా తిరుగుతోంది ఇంట్లో.

…దాని స్కాన్ ఇప్పుడు బాగున్నా, ఏటేటా చూస్తూనే ఉండాలా?

…కోచ్‌కి చెప్పేశావా?… హమ్మయ్య. చెప్పకు.

…ఎందుకంటే… మీ అక్క ఉందా అక్కడ?… ఒట్టు?

…ఆ బీపీ ఫొటోలో అంకెలే పడతాయి కదా. చెయ్యి పడదు కదా.

…నాది కాదు. మీ అక్కది. నిద్రలో ఉండగా పట్టీ చుట్టేవాణ్ని. భూకంపం వచ్చినా లేవదు, నీకు తెలుసుగా.

…తిట్టు. ఇంకా తిట్టు.

…మాత్రలా? ఎప్పుడో మానేశా. బస్సు నడిపేవాడికి మాటిమాటికీ ఒంటికొచ్చే మాత్ర ఇస్తారా ఎవరైనా? బండెడు జనాన్ని నడిరోడ్డు మీద ఆపి పొదల్లోకి పరిగెత్తనా?

…అడిగితే డాక్టర్ వేరే మాత్ర ఇచ్చేవాడా? అడగొచ్చని నాకేం తెలుసు!

…సరిగ్గా వేసుకుంటే గోడ కూడా తగ్గొచ్చా? ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా, తల్లీ!

…నువ్వే చెప్పవే, నాకు సిగ్గు… సరే, ఫోన్ ఇవ్వు డాక్టర్‌కి.

…నమస్కారం సార్. అమ్మాయిని పరిగెత్తనివ్వండి. ఆ అంకెలన్నీ మా ఆవిడవి. నా బీపీ ఎంతో నాకే తెలీదు.