ఎర్మింద ఊయల వేసి చూసిన ఇల్లు

ఇల్లు కొంటున్నావటగా లాండీ, అద్దెకివ్వడానికి? మీ అమ్మ చెప్పిందిలే. కూర్చో. కొత్తగా రంగేశారా దానికి? అదిగో, నవ్వుతున్నావు. వేశారన్నమాట. ఇట్లా ఏప్రిల్ ఎండల్లో మన మెరీదాలో ఏ గోడైనా పెళ్లికూతురిలాగే ఉంటుందమ్మా. వానలు పడ్డాక వెళ్లి చూడు. ఇది నా తెలివి కాదు, ఎర్మిందది. ఎర్మింద పెచ్ అని, నువ్వు పుట్టకముందే పోయింది. బజార్లో మనం పడుకునే వల ఊయలలు అమ్మేది. మొగుడు పోయాక ఓ పాత ఇల్లు కొని, బాగు చేయించి అద్దెకిచ్చింది. ఆ అద్దెతో ఇంకోటి. నేనప్పుడు బస్సు నడిపేవాణ్ణి. ఆవిడ మూటలు నా బస్సు మీదే వచ్చేవి. ఓ రోజు అందరి ముందూ, "ఏమయ్యా సెవెరో, జీతమంతా బీరుకేనా, ఓ గోడన్నా కొనేదుందా?" అంది. సిగ్గేసింది నాకు. అట్లా నేనూ ఆవిడ వెంట ఇళ్లు చూడ్డం మొదలెట్టా.

ఆవిడ ఇల్లు చూసే పద్ధతికి అమ్మేవాళ్లకి ఒళ్లు మండిపోయేదనుకో. సొంత ఊయల చంకలో పెట్టుకుని వచ్చేది. మన ఇళ్లల్లో గది గదికీ గోడల్లో ఊయల కొక్కేలుంటాయిగా, ప్రతి గదిలోనూ తగిలించి పడుకునేది. కాలితో గోడని తన్ని ఊగేది. దూలాల్లో చెద ఉంటే మొహాన పొడి రాలుతుంది, గోడ గుల్లైతే కొక్కెం చుట్టూ సున్నం రాలుతుంది. తర్వాత నేలకి జానెడెత్తున గోడకి అరచెయ్యి ఆనించి చెమ్మ చూసేది. ఒకావిడ, మా ఇంట్లో నిద్రపోవడానికొచ్చావా అని దెప్పింది. ఎర్మింద కళ్లు మూసుకునే, వంటింటివైపు నీళ్లు కారుతున్న చప్పుడు వినపడుతోంది, ధర తగ్గించమంది. నేను వీధిలోకి పారిపోయి నవ్వుకున్నా. ఏం చెప్తున్నా? ఆఁ, ఆరేళ్లు తిరిగాం అట్లా. ఆవిడకి మూడిళ్లు, నాకు రెండు. సోమవారం సోమవారం పంది మాంసంతో చిక్కుళ్లు వండితే నాకో గిన్నె పంపేది. నాకిష్టమమ్మా ఎర్మిందంటే. ఈ వయసులో చెప్పడానికి సిగ్గేంటి.

అప్పుడీ ఇల్లు దొరికింది. ఇదే, మనం కూర్చున్నది. ఇద్దరం కలిసి కొందాం, కలిసే ఉందాం అని అడగాలనుకున్నా. తీరా చూస్తే ఈ వీధి గది గోడ గుల్ల. కొక్కెం వేలితో లాగితే చేతికొచ్చేసింది. ఆవిడ చూస్తే వద్దంటుంది, ఇల్లు వద్దంటే నన్నూ వద్దన్నట్టే అని భయపడ్డా. బుద్ధి గడ్డి తిని ఆ కన్నంలో సిమెంటు కూరి, కొక్కెం పెట్టి, పైన రంగేశా. పాత సున్నపు గోడతో సిమెంటు కలవదని నాకు తెలీదా? నేర్పింది ఆవిడే. మర్నాడు వచ్చి, ఇద్దరు పట్టే పెద్ద ఊయల ఈ గదిలోనే తగిలించింది. ఆగమనాలి కదా నేను? అన్లేదు. పడుకుంది, గోడని తన్నింది. రెండో ఊపుకి ముద్దతో సహా కొక్కెం ఊడొచ్చింది, ఎర్మింద నేల మీద పడింది. నడుం పట్టుకుని కూర్చుని, ఆ ముద్దని చేతిలో తిప్పి చూసింది. లోపల ఇంకా తడి. "కన్నం కనపడితే సున్నం పెట్టించేదాన్ని కదయ్యా సెవెరో. ఇల్లు నచ్చింది నాకు. ఇక నీ మాట నమ్మి ఏ గదిలో పడుకోను?" అంది. ఊయల మడుచుకుని కుంటుకుంటూ వెళ్లిపోయింది. ఆ సోమవారం గిన్నె రాలేదు. మరింకెప్పుడూ రాలేదు.

ఇల్లు నేనే కొన్నా. ఆ గోడ విప్పించి రాయి రాయీ సున్నంతో కట్టించా. వానాకాలమంతా చూశా, చెమ్మ లేదు. వచ్చి చూడమని మూడుసార్లు కబురు పెట్టా. రాలేదు. తను పోయిందని కూడా బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నా. నెల తర్వాత వాళ్లక్క వచ్చి ఆ పెద్ద ఊయల నా చేతిలో పెట్టింది. సెవెరోకి ఇమ్మందట. ఇంకేమన్నా అందా అని అడిగా. ఏమీ అన్లేదంది. ఆ రోజే తగిలించా. అదే, నీ వెనకాలది. కొక్కెం పట్టుకు లాగి చూడు. గట్టిగా లాగమ్మా. కదల్లేదు కదా? ముప్పయ్యేళ్లు. తాళ్లు రెండుసార్లు మార్చా. అందులో ఇంతవరకూ ఎవ్వరూ పడుకోలేదు. నేను వెనక గదిలో పడుకుంటా.

...ఏ వీధన్నావు, నువ్వు చూసిన ఇల్లు?